మరియమ్మకు తల్లి లేదా?

కొత్త గడ్డి బళ్లు మా వీధిలోంచి వెళ్తుంటే నేను ఇప్పటికీ చేతిలో పని వదిలేసి అరుగు మీదికి వస్తాను. మంచుకు తడిసి, ఎండకు సగం ఆరిన ఆ వరిగడ్డి వాసన వెనకే కొత్తబియ్యం పరమాన్నం, మా తాటాకు గుడికి కట్టిన బంతిపూల దండలు, బాలింతల ఇళ్లలోంచి వచ్చే వాము పొగ, వీటన్నిటినీ తోసుకుంటూ మా అమ్మమ్మ గొంతూ వచ్చేస్తాయి.

నరసాపురం దగ్గర కాలవగట్టు మీద మా పేట. కూలి చేసుకునే కిరస్తానీ కుటుంబాలం. మా అక్క మార్త అమ్మమ్మ చేతుల్లోనే పుట్టింది. రెండో కాన్పుకు అమ్మను పుట్టింటికి పంపలేదు. అత్తారింట్లో నన్ను కని, పురిట్లోనే పోయింది. కబురంది అమ్మమ్మ పడవ దిగేసరికి అంతా అయిపోయిందట. మా ఇద్దరినీ తెచ్చుకుని ఆవిడే పెంచింది.

క్రిస్మస్ నాడు తలంట్లయ్యాక, నూనె కారుతున్న మొహాలతో పిల్లలం ముందు వరసలో చాపల మీద కూర్చుంటే, బడి పంతులుగారు కళ్లు మూసుకుని ప్రభువు పుట్టిన కథ చెప్పేవారు. పశువుల పాక దగ్గరికి రాగానే మాకు జాలి కలగాలని గొంతు తగ్గించేవారు. మాకేం జాలి? పేటలో సగం మందిమి పాకల్లో గడ్డి మీద పుట్టినవాళ్లమే! అమ్మమ్మ మాత్రం ఏటా సరిగ్గా అక్కడే అడ్డొచ్చేది.

"తొలిచూలు పిల్లని పుట్టింటికి పంపకుండా, నెలలు నిండాక ఊళ్లంట తిప్పుతారా అండీ? ఆ మరియమ్మకి తల్లి లేదా?"

"జనాభా లెక్కకి రమ్మని రాజుగారి ఆజ్ఞ కదమ్మా," అనేవారు పంతులుగారు.

"రాజు రాజే, పురుడు పురుడేనండి!"

గుడంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. ఆవిడ ఏ పిల్ల గురించి అడుగుతోందో నాకు అప్పటికి తెలియదు.

తరవాత అక్కకు పెళ్లయింది, నీళ్లోసుకుంది. తీసుకొస్తానని అమ్మమ్మ వెళ్లిన ప్రతిసారీ, "కోతలు కానివ్వండి, పంపుతాం" అన్నారు అత్తవారు. ఆఖరికి క్రిస్మస్ ముందు పంపారు. లాకు దగ్గర పడవ దిగి బావతో నడిచి వస్తుంటే మిట్టమధ్యాహ్నం అక్కకు నొప్పులొచ్చాయి. దగ్గరలో వీరాయమ్మగారనే రైతు భార్య పశువుల పాక ఉంది. అక్కను అక్కడ పడుకోబెట్టి బావ మా పేటకు పరుగెత్తుకొచ్చాడు.

అమ్మమ్మ గట్టు వెంట పడుతూ లేస్తూ పరుగెత్తింది. "మళ్లీ అందుకోలేకపోయాను దేవుడా, మళ్లీ!" ఆ 'మళ్లీ' వింటూ వెనకాల పరుగెత్తుతుంటే గుడిలో ఏటా ఆవిడ అడిగింది మా అమ్మ గురించేనని నాకు అర్థమైంది. ఏడుపొచ్చింది.

మేం వెళ్లేసరికి అక్క గడ్డి మీద అలిసిపోయి పడుకుని ఉంది. మమ్మల్ని చూసి నవ్వింది. నేలంతా తడిగా ఉందని, ఎడ్లు మేత తినే గాడిలో కొత్త గడ్డి పరిచి, పాత చీరగుడ్డలో చుట్టిన పిల్లాణ్ణి అందులో పడుకోబెట్టారు. పక్కన వీరాయమ్మగారు మోచేతుల దాకా నెత్తురుతో కూర్చుని ఉన్నారు. మా పేటవాళ్లను గడప దగ్గరికి కూడా రానివ్వని మనిషి, దాహమంటే దోసిట్లోకి ఎత్తి నీళ్లు పోసే మనిషి.

"తొలిచూలు పిల్లని ఒక్కత్తినీ ఎలా వదిలేస్తానే? ఇదిగో, నీ మునిమనవడు," అన్నారు. లేచి కాలవలో తలదాకా మునిగి, తడిచీరతోనే ఇంట్లోకి వెళ్లిపోయారు. ఆ తడిచీర కనబడినంతసేపూ అమ్మమ్మ చేతులు జోడించే ఉంది.

ఆ క్రిస్మస్ నాడు పాక దగ్గరికి రాగానే పంతులుగారు తనే ఆగి అమ్మమ్మ వైపు చూశారు.

"ఆగారేంటండీ? చెప్పండి," అంది అమ్మమ్మ. "పాకున్న ఇంట్లో ఓ ఆడమనిషి ఉండకుండా ఉంటుందా అండీ? రాసినోళ్లు మగాళ్లు. ఆవిడ మాట రాయడం మర్చిపోయుంటారు."

ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అమ్మమ్మ పోయింది, వీరాయమ్మగారూ పోయారు. ఆ పాక గాలివానకు కూలిపోయింది. ఇప్పుడు మా ఆడపిల్లలు దొరసానుల మిషన్ ఆసుపత్రిలో కంటున్నారు, చాలామంది బతుకుతున్నారు, నాకు సంతోషమే. గుడికి పెంకులు వేశారు. కథకు ఎవరూ అడ్డురారు. పాక దగ్గరికి రాగానే అందరూ బాలప్రభువును చూడవచ్చే జ్ఞానుల కోసం, గొల్లల కోసం ఎదురుచూస్తారు. నాకు మాత్రం, ఒళ్లంతా నీళ్లు కారుతూ కాలవగట్టు ఎక్కి వెళ్లిపోతున్న ఒకావిడ కనబడుతుంది.