కరుణమ్మ గారి కాలికి సరిపడే బ్రేకు

మొన్న శీతాకాలం ఉదయాన మండవల్లి దాటి ఏలూరు వస్తుంటే, చేపల చెరువుల మీంచి లేచిన మంచులో నా కారు ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. బండి మాత్రం దొర్లుతూనే ఉంది. బ్రేకు తొక్కాను. మొదటిసారి దిగింది, రెండోసారికి చెక్కలా బిగుసుకుపోయింది. అంతలో నా కుడికాలు, నన్నడగకుండానే, తొడ బలమంతా తెచ్చుకుని నిదానంగా నొక్కింది. బండి గట్టు పక్కన ఒద్దికగా ఆగింది. అద్దం దించితే నీటివాసన, మంచులో ఎక్కడో రెక్కల చప్పుడు. ఆ గట్టి పెడల్ మీంచి కాలు తీయబుద్ధి కాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. రత్నరాజు గారు గుర్తొచ్చారు.

పెంటపాడు బడిలో టీచరుగా చేరిన కొత్తలో తాడేపల్లిగూడెంలో ఆయన ఇంటి మేడమీద అద్దెకుండేదాన్ని. ఆయన కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. భార్య కరుణమ్మ గారు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేశారు. రిటైరయినవాళ్లు మొక్కలు పెంచుకుంటారు, ఈయన కారు కట్టడం మొదలుపెట్టారు. పైపుల చట్రం, ఫైబర్ బాడీ, డబ్బాల నిండా బోల్టులు లారీలో దిగాయి. ఇంజను ఏదో పాత కారుది. వీధికంతా అదో వేళాకోళం. "కారుకి బారసాల ఎప్పుడండీ?" అని అడిగితే, "పేరు ఇంకా కుదర్లేదండి" అనేవారు తల ఎత్తకుండానే. విచిత్రమేమిటంటే ఆయనకి డ్రైవింగ్ రాదు. వచ్చింది కరుణమ్మ గారికి. ఒకప్పుడు ఆసుపత్రి జీపు తానే నడుపుకుంటూ కొల్లేటి గట్ల వెంట వెళ్లి పురుళ్లు పోసివచ్చిన మనిషి. మెట్ల మీంచి పడి కుడికాలు విరిగి, రాడ్డు వేశాక, మళ్లీ స్టీరింగు ముట్టలేదు. అప్పట్నుంచి ఆవిడ మాట కూడా తగ్గిపోయిందని ఆయన బెంగ. ఆవిణ్ణి మళ్లీ డ్రైవరు సీట్లో చూడాలి, అంతే. కారంతా దానికోసమే.

మామూలు కార్లలో బ్రేకు తొక్కితే ఇంజను మన కాలికి సాయం చేస్తుంది. ఈ బుల్లి కారు ముందు భాగంలో ఆ సాయపు డబ్బాకి చోటు లేదు. మన కాలిలో ఎంత బలముంటే అంతే బ్రేకు. అందుకని రత్నరాజు గారి ధ్యాసంతా దానిమీదే ఉండేది. సాయంత్రం బడి నుంచి రాగానే నేను సీట్లో, ఆయన చక్రం పక్కన నేల మీద. బ్రేకు నూనె గొట్టాల్లోని గాలి పోవాలంటే ఒకరు పైన తొక్కిపట్టాలి, ఒకరు కింద మర విప్పి మూయాలి.

"తొక్కండి టీచరు గారూ."

"తొక్కానండి."

"ఉంచండి. ఇంకాస్త ఉంచండి. ఆఁ, ఇప్పుడు వదిలెయ్యండమ్మా."

ఆ తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పి, దానికి దగ్గరగా చెవి పెట్టి వినేవారు. లోపలి బ్రేకు పట్టీ చక్రంతో తిరిగే డ్రమ్ముకి రాసుకునేదాకా బిగించి, ఆ రాపిడి వినీవినపడనంత వరకే వదులు చేసేవారు. పక్క మిల్లు నుంచి ఉడికిన ధాన్యం వాసన వచ్చేది. చక్రం గుసగుసలాడుతూ తిరిగేది. ఆ సాయంత్రాలు తలుచుకుంటే నాకిప్పటికీ నిద్రమత్తులాంటి హాయి కమ్ముతుంది.

ఒకరోజు ఆయన పెడల్ తొక్కి, "ఇదీ బ్రేకంటే. రాయిలా నిలబడింది చూడండి" అని మురిసిపోయారు. కరుణమ్మ గారిని కూర్చోబెట్టి, మేమిద్దరం వెనక నుంచి కారుని మెల్లగా తోశాం. ఆవిడ తొక్కారు. కారు ఆగింది గానీ, గేటుకి తగలబోతూ ఆగింది. ఆవిడ దిగి, చీర సర్దుకుని, "బాగుందండి. చాలా బాగా కుదిరింది" అన్నారు. ఆ తర్వాత మళ్లీ ఆ కారు దగ్గరికి రాలేదు. పిలిస్తే వంటపని ఉందనేవారు. ఆయన కారు మీద టార్పాలిన్ కప్పేశారు. "భయం పోలేదండి పాపం" అన్నారు నాతో.

ఆ ఇంట్లో ఒకరినొకరు నొప్పించుకోరు. అదే వచ్చిన చిక్కు. కొన్నాళ్లకి ఆవిడ ఆటో దిగుతూ కుడికాలిని చేత్తో ఎత్తి కింద పెట్టుకోవడం ఆయన కంటపడింది. లోపలికెళ్లి ఇంట్లో ఉన్న బరువు చూసే మిషన్ తెచ్చి గోడకి నిలబెట్టారు. ఎదురుగా కుర్చీ వేసి, "కరుణా, దీన్ని కుడికాలితో నెట్టు" అన్నారు. ఆవిడ నెట్టారు. తర్వాత ఆయన నెట్టారు. ముల్లు చూసి కిందే కూలబడిపోయారు. ఆవిడ బలం ఆయన బలంలో సగం కూడా లేదు.

"నా కాలితో సరిచూసుకున్నానే. నీ కాలిని అడగనేలేదు."

"అంత కష్టపడి చేశారు కదా, ఎలా చెప్పనండి?" అన్నారావిడ. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. నేను మేడ ఎక్కిపోయాను.

మర్నాటి నుంచి మళ్లీ మొదలు. తాను మురిసిపోయిన బ్రేకుని తానే ఊడదీశారు. చక్రాలకి నూనె నెట్టే సిలిండర్ తీసేసి సన్నది వేశారు. తక్కువ బలం పెట్టినా పనిచేసేలా పెడల్ పట్టు మార్చారు. ఇప్పుడు పెడల్ లోతుగా, మెత్తగా దిగుతోంది. ఆయనకి అది సుతరామూ నచ్చలేదు, "పెరుగులో కాలేసినట్టుందండి" అని సణిగారు. అయినా ప్రతి మార్పుకీ కరుణమ్మ గారినే కూర్చోబెట్టారు. "బాగుంది అనొద్దు. ఎక్కడ కష్టంగా ఉందో అది చెప్పు" అనేవారు. మొదట్లో ఆవిడకి నోరు పెగల్లేదు. తర్వాత తర్వాత, "ఇంకా గట్టిగానే ఉందండి" అని నిర్మొహమాటంగా చెప్పడం మొదలుపెట్టారు. ఆ గొంతు పెరుగుతుంటే ఆయన మొహం వెలిగిపోయేది.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురం కొల్లేటి వైపు బయల్దేరాం. రెండు సీట్ల కారులో నేను వెనక బోల్టుల డబ్బా మీద. ఆవిడ నడుపుతున్నారు. రెండువైపులా నీళ్లు, నీళ్లలో ఆకాశం. మలుపులో బాతుల మంద రోడ్డంతా పరుచుకుని ఎదురొచ్చింది. కారు మెల్లమెల్లగా నెమ్మదించి, బాతులకి బాగా ఇవతలే ఆగింది. ఆవిడ ముందుకే చూస్తూ, పక్క సీట్లో పాదంతో నేలని అదిమిపట్టి ఉన్న భర్త మోకాలిని చేత్తో తట్టారు.

"మీ కాలు తియ్యండి. నేను ఆపాను."

ఆయన పకపకా నవ్వారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. బాతులు తీరిగ్గా దాటాయి.

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. ఏలూరు బడిలో నా కింద పనిచేసే కొత్త టీచర్లు "అంతా బాగానే ఉందండి" అన్నప్పుడు వెంటనే నమ్మను. కుర్చీ జరుపుకుని, ఎక్కడ కష్టంగా ఉందో చెప్పమంటాను. చెప్పేదాకా కూర్చుంటాను. ఈమధ్య మా అమ్మాయి కారు నేర్చుకుంటోంది. పక్కన కూర్చున్న నేను ప్రతి మలుపులోనూ నేలని తొక్కేస్తుంటాను. అప్పుడు ఎవరూ తట్టకుండానే నా కాలు నేనే వెనక్కి తీసుకుంటాను.