సంతకం లేని తీర్పు

చిత్తూరు కోర్టులో జడ్జిగా ఉన్నప్పుడు రాసిన తీర్పు ఒకటి నా బీరువాలో ఉంది. పన్నెండు పేజీలు. మొదటి ప్రతి, దిద్దిన ప్రతి రెండూ దాచాను. రెండింటి మీదా సంతకం లేదు.

పూతలపట్టు దగ్గరి పల్లెకు చెందిన లారీ డ్రైవరు హత్య కేసులో మూడేళ్లుగా జైల్లో ఉన్నాడు. సాక్ష్యాలు వింటుండగానే అతను చేయలేదని నాకు అర్థమైంది. వాళ్లమ్మ ప్రతి వాయిదాకూ వచ్చి వరండాలో కూర్చునేది. నేను కారు దిగగానే లేచి చేతులు జోడించేది.

"ఈ తూరన్నా ఇడిసిపెడతారా తల్లీ? నాకు ఒళ్లు బాగుండ్లేదు."

కేసు నడుస్తుండగా కక్షిదారులతో మాట్లాడకూడదు. తల తిప్పుకొని వెళ్లిపోయేదాన్ని.

విడుదల చేస్తూ రాసిన తీర్పు చెప్పాల్సిన సోమవారానికి టైపయి సిద్ధంగా ఉంది. కానీ నాకొక పిచ్చి. పై కోర్టు నా తీర్పులో వేలు పెట్టడానికి సందు ఉండకూడదు. ఏడో పేజీలో రెండు పేరాలు నచ్చలేదు. తీర్పును వారం వాయిదా వేశాను. వారమే కదా అనుకున్నాను.

ఆ వారం గడిచేసరికి ఎవరో పెద్దమనిషి తిరుమల దర్శనానికి వస్తున్నాడని పోలీసులను కొండ మీద బందోబస్తుకు పంపారు. ఖైదీని తీసుకొచ్చేవాళ్లు లేక మళ్లీ వాయిదా. మర్నాడే నా బదిలీ ఉత్తర్వు వచ్చింది, వెంటనే బాధ్యతలు అప్పగించమని. కోర్టులో చదివి సంతకం పెట్టనిది తీర్పే కాదు. కొత్త జడ్జి వాదనలు మళ్లీ వినాల్సి వచ్చింది. అతను విడుదలయ్యేసరికి తొమ్మిది నెలలు పట్టింది.

అప్పటికి నేను రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. బయటికొచ్చిన కొద్ది రోజులకే అతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గుండుతో ఉన్నాడు. ఈ ఊళ్లో గుండు చూస్తే ఎవరైనా అనుకునేదే నేనూ అనుకున్నాను.

"మొక్కు తీర్చుకున్నావా?" అని అడిగాను.

"లేదు మేడం. మాయమ్మ పొయ్యి రెండు నెల్లయినాక నన్ను ఇడిసినారు. కొరివి మా చిన్నాయన పెట్టినాడు. నేను బయటికొచ్చి గుండు సేయించుకున్నా."

అతనే మళ్లీ అన్నాడు. "ఆ జడ్జమ్మే ఉండింటే నా కొడుకును ఎప్పుడో ఇడిసిపెట్టి ఉండునని మాయమ్మ సచ్చేదాకా సెప్తానే ఉన్నిందంట. అందుకే మిమ్మల్ని ఒకసారి సూసి పోదామని వచ్చినా."

నా కాళ్లకు దణ్ణం పెట్టాడు. నిజం చెప్పలేదు, కాఫీ ఇచ్చి పంపాను.

అతను వెళ్లాక బీరువా తీసి, రెండు ప్రతుల్లోనూ ఏడో పేజీ చదివాను. మొదట రాసిందే బాగుంది.