మగ్గం గుంటలో మా అత్త కాళ్లు

మా మేనత్త పోయింది. షాద్‌నగర్‌లో నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోచంపల్లి నుంచి మనిషి వచ్చి చెప్పాడు. ఇంట్లో ఛాతీ జబ్బు మనిషి మామ. అందుకే ముందు ఆయనే పోయాడనుకున్నాను. "మామ గాదు, అత్త" అని వచ్చినాయన రెండోసారి చెప్పాల్సి వచ్చింది. కాలి నరంలో గడ్డకట్టిన నెత్తురు ఛాతీలోకి ఎక్కిందని దవాఖానలో అన్నారట.

మామకు క్షయ అని తేలినప్పటి నుంచి మగ్గం మీద అత్తే కూర్చుంది. పొద్దంతా మగ్గం కింది గుంటలోకి కాళ్లు దించి తొక్కుడు చెక్కలు తొక్కీ తొక్కీ పిక్కల మీద నీలపు నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. ఆమెకు వాటి సంగతి తర్వాత, ముందు మామ మందులు. నెలల తరబడి సూదులు, గోలీలు. దగ్గు కాస్త తగ్గగానే మామ మొరాయించేవాడు.

"మంచిగైంది గదనే, ఇంకెందుకు? కడుపుల మంట లేస్తాంది."

"డాక్టరు ఆపుమన్నడా, నువ్వే ఆపుతున్నవా? నోరు తెరువు."

గోలీ వేసి, మింగాడో లేదో నాలుక ఎత్తించి మరీ చూసేది. చుట్టాలున్నా సరే, వదిలేది కాదు. మాకు నవ్వు, మామకు సిగ్గు. ఆయన ఛాతీ అట్లా బాగుపడింది.

పోచంపల్లిలో నూలుకు రంగు ఎక్కకూడని చోట సైకిల్ ట్యూబు కోసిన పట్టీ బిగించి కడతారు. ఒకసారి పోయి చూస్తే, అత్త ఆ పట్టీనే మోకాలి కింద బిగించుకుని ఉంది.

"ఇదేందత్తా!"

"రంగునే ఆపుతది, నెత్తురును ఆపదా అల్లుడా? కిందికి దిగకుంటే వాపు పోతది."

వాపు పోలేదు సరికదా, చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు పడింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు తల పట్టుకున్నాడు. నెత్తురు కిందికి రావడం కాదు, తిరిగి పైకి పోలేకపోవడమే రోగమన్నాడు. పాదం నుంచి మోకాలి దాకా సాగే పట్టీ చుట్టాలి, పడుకుంటే కాళ్లు ఎత్తులో పెట్టాలి, కుదిరితే ఆపరేషన్ చేసి పాడైన నరం తీసేయాలి. గుంటలో కాళ్లు దించి గంటల కొద్దీ కూర్చోవడం మాత్రం మానాలి.

"కాళ్లు మీదికి పెట్టి మగ్గమెట్ల నేస్తరు సారూ? జర మీరే చెప్పుండ్రి."

డాక్టరు నవ్వేశాడు. సాగే పట్టీకి చీటీ రాసిచ్చాడు.

పట్టీ చుట్టుకుంటే పుండు మానింది. ఆపరేషన్ మాటెత్తితే మాత్రం "గీ చీర దిగనియ్యి" అనేది. ఆ చీర దిగితే మగ్గం మీద ఇంకో చీర. అడిగీ అడిగీ నాకు నోరు నొప్పి పుట్టింది. నిజం చెబుతున్నాను, ఆమె ఓపిక చూస్తే నాకు కోపమే వచ్చేది.

మామ మళ్లీ మగ్గం ఎక్కేంత కోలుకున్నాక తనే అంది, "ఇగ పోదాం అల్లుడా, నువ్వే తోల్కపో." నేను సెలవు అడిగిపెట్టుకున్నాను. అంతలో ఒక పిక్క బాగా వాచి నొప్పి పెట్టిందట. పని ఎక్కువైందనుకున్నారు. పొద్దున వాకిలి ఊడుస్తూ ఊపిరందక కూలబడిపోయింది.

దినాలయ్యాక మామను చూడబోయాను. మగ్గం దగ్గర కూర్చున్నాడు గానీ అటూ ఇటూ పోగు నడిపే నాడె ముట్టుకోలేదు.

"గింత మంచిగ ఊపిరాడుతాంది అల్లుడా. అదే తట్టుకోలేకపోతున్న" అన్నాడు.

ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నిండుగా ఊపిరి పీల్చాడు. ఒక్క దగ్గూ రాలేదు.