కథ ఆపి అడిగే పెద్దమ్మ

మా దిక్కు చావు కబురును ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. "సీరియస్‌గ ఉన్నది, జల్ది రా" అంటారు. చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. అయినా బస్సు దిగేదాకా ఇద్దరూ ఆ మాటనే పట్టుకుని ఉంటారు. మొన్న కోరుట్ల నుంచి మా పెద్దమ్మ కోడలు ఫోన్ చేసినప్పుడు మాత్రం అట్లా జరగలేదు. సిరిసిల్లలో మా ఇంటి కిందనే సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుస్తాయి. ఆ చప్పుడులో వినబడక నేను మిద్దె ఎక్కాను. "వదినె, అత్తమ్మ పోయింది" అంది. ఏడవలేదు, తడబడలేదు. ఎప్పుడని అడిగాను. "ఇప్పుడే. చాయ్ తాగుత అన్నది. పెట్టుకొచ్చేవరకు లేదు" అంది.

వేములవాడ మీదుగా కోరుట్ల పోయే బస్సులో కూర్చుని దారంతా నేను ఆ ఫోన్ గురించే ఆలోచించాను. ఆ ఇంట్లో మాటను ఇట్లా మొహాన చెప్పడం ఎప్పటినుంచి మొదలైందో నాకు తెలుసు. అదే రాద్దామని కూర్చున్నాను. పొగడాలంటే పెద్దమ్మను ఎంతయినా పొగడవచ్చు గానీ, ఆమెకు అది నచ్చేది కాదు. "సచ్చినోళ్లందరు మంచోళ్లే. బతికున్నప్పుడు గీ మంచోళ్లంత యాడ ఉంటరో" అనేది.

ఆమె మా అమ్మకు అక్క. గొల్లపల్లి దిక్కు నుంచి కోరుట్లకు కోడలుగా వచ్చింది. ఏడో తరగతి దాకా చదివింది, జీవితమంతా బీడీలు చుట్టింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వాడలోని ఆడవాళ్లు నలుగురైదుగురు చాటలు పట్టుకుని ఆమె రేకుల పందిరి కిందికి చేరేవారు. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు. చేతులు వాటంతట అవే చుడతాయి, దారం కడతాయి. నోరూ చెవులూ ఖాళీగా ఉంటాయి. టీవీ పెట్టుకుంటే కళ్లు అటు పోయి బీడీ వదులవుతుంది, వదులైన బీడీని కంపెనీవాళ్లు తీసి పారేస్తారు. అందుకని వాళ్లకు కథ కావాలి. పెద్దమ్మ చదివేది, మిగతావాళ్లు చుట్టేవాళ్లు. చదివేటప్పుడు ఆమె చేతులు ఆగిపోతాయి కాబట్టి, లేచేముందు ఒక్కొక్కరు తాము చుట్టిన వాటిలోంచి ఒక పిడికెడు ఆమె చాటలో వేసి వెళ్లేవారు. ఎవరూ పెట్టిన కట్టుబాటు కాదు, అట్లా అలవాటైంది.

నేను కూడా పెళ్లికి ముందు, పెద్దబాపు ఇంకా ఉన్నప్పుడు, సెలవుల్లో అక్కడే చుట్టడం నేర్చుకున్నాను. నేను వేసిన పిడికెడును మాత్రం ఆమె ఏరి పక్కకు పెట్టేది. "ఇవి కంపెనికి గాదు, మీ పెద్దబాపు తాగనీకె" అనేది.

ఆమె దగ్గర రెండు పాత కథల పుస్తకాలు ఉండేవి. వాటికి అట్టలు లేవు. బళ్లో పాతవి పారేస్తుంటే అడిగి తెచ్చుకుందట. రాసినవాళ్ల పేర్లు ఎప్పుడూ చదివేది కాదు. నేనొకసారి అడిగితే, "రాసినోడు మనకేమన్న సుట్టమా? కథ సూడు" అని కసిరింది. ఏ కథనూ చివరిదాకా ఒక్క ఊపున చదివేది కాదు. సరిగ్గా ముడి బిగుసుకున్న చోట పుస్తకం మూసి, వేలు మధ్యలో పెట్టుకుని, చుట్టూ చూసి అడిగేది. "మీరైతే ఏం జేస్తరు?"

ఒక కథలో కరువు కాలం. ఊరి బావికి ఒకడు కావలి ఉంటాడు. పక్క ఊరి ఆడమనిషి చంకలో పిల్లతో వచ్చి ముంతెడు నీళ్లు అడుగుతుంది. ఇస్తే రేపు ఆ ఊరంతా వరుస కడుతుంది. పెద్దమ్మ అక్కడ ఆపింది. ఒకామె పొయ్యాలంది, ఒకామె పొయ్యొద్దంది. మూలన కూర్చున్న ముసలామె, "పిల్లకు పోస్త, తల్లికి పొయ్య" అంటే అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. "తల్లి తాగకపోతె పిల్లకు పాలెక్కడియి?" అంది. ఆ ముసలామె రెండు రోజులు అలిగి రాలేదు. ఇంతకూ ఆ కావలివాడు మంచివాడా కాదా అని నేను అడిగితే, "కథల మంచోడు ఎవ్వడని అడుగకు. ఎవ్వనికి నిద్ర పడ్తలేదో అడుగు" అంది. ఆ మాట నాతోనే ఉండిపోయింది. మనుషులను అట్లా చూడటం అప్పుడే అలవాటైంది నాకు.

కోడలు మల్యాల పిల్ల. మా తమ్ముడు, అంటే పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు, పెళ్లయిన కొన్నాళ్లకే మళ్లీ మస్కట్ వెళ్లిపోయాడు. ఈ పిల్ల చాట పట్టుకుని అత్త పక్కన కూర్చుంది. కథలంటే చెవి కోసుకునేది. వాళ్లిద్దరూ అత్తాకోడళ్లలా కాక, బళ్లో ఒకే బెంచీ మీద కూర్చునే వాళ్లలా వాదించుకునేవారు.

ఒక రోజు గుడ్డి తండ్రి కథ వచ్చింది. కొడుకు పడవ మునిగి చనిపోతాడు. ఊరివాళ్లు తండ్రికి చెప్పరు. రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు అంటుంటారు. ముసలాయన రోజూ ఒక పిడికెడు అన్నం కొడుకు కోసం తీసిపెడుతుంటాడు. పెద్దమ్మ ఆపి అడిగింది. "చెప్పకపోవుడే మంచిది అత్తా. చెప్తె ముసలాయన బతుకుతడా?" అంది కోడలు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆళ్లు అబద్ధం ఆడింది ముసలాయన కోసం గాదు బిడ్డ. ఆయన ఏడిస్తే సూడలేక, తమ కోసం ఆడిండ్రు. తన కొడుకు కోసం ఏడ్సుడు ఆయన హక్కు. గది గుంజుకున్నరు." కోడలు చేతిలోని బీడీకి దారం కట్టి, "నిజమే అత్తా" అంది. అదే నిజమైన చదువు అనుకున్నాను నేను.

మస్కట్ నుంచి వార్త పెద్దమ్మకే వచ్చింది. మా తమ్ముడు నిద్రలోనే పోయాడని, పొద్దున లేపితే లేవలేదని గదిలో ఉండే అతను ఫోన్ చేశాడు. కోడలికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. బీపీ ఎక్కువగా ఉందని డాక్టరమ్మ అంతకుముందే భయపెట్టింది. శవం రావాలంటే అక్కడి కాగితాలు, ఇక్కడి కాగితాలు, ఎన్ని రోజులు పడుతుందో ఎవరికీ తెలియదు. చెప్పొద్దని కోడలి తల్లిగారింటివాళ్లే అన్నారు, వాడకట్టు అంది, నేనూ అన్నాను. పెద్దమ్మ కాదనలేదు. కొత్త సైటుకు పంపారని, అక్కడ సిగ్నల్ లేదని కోడలికి చెప్పారు. మా ఇళ్లలో ఇది కొత్త కాదు. గల్ఫ్ నుంచి శవం పెట్టిన డబ్బా వచ్చేదాకా ఎంతమంది భార్యలు ఇట్లా బొట్టు పెట్టుకుని తిరిగారో మాకందరికీ తెలుసు.

చదవడం ఆపితే పిల్లకు అనుమానం వస్తుంది. అందుకని పెద్దమ్మ చదివింది. ఏడుపు వచ్చే కథలు చదవలేక, నవ్వే కథలు ఏరుకుని చదివింది. ఒక రోజు నేను వెళ్లి కూర్చున్నాను. అత్తగారింట్లో ఆకలి లేదని బింకానికి పోయి పస్తు పడుకున్న అల్లుడి కథ. గొంతు మార్చి మార్చి చదువుతోంది. కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. "ఆగు అత్తా, లోపలి పిల్ల గూడ నవ్వుతున్నది" అంది. చుట్టూ ఉన్నవాళ్లం అందరం నవ్వాం. నవ్వకపోతే ఎట్లా? "ఈసారి ఫోన్ చేస్తె గీ కథ ఆయినకు చెప్పాలె" అంది ఆ పిల్ల. పెద్దమ్మ పేజీ తిప్పింది.

హైదరాబాద్ నుంచి డబ్బా వచ్చిన పొద్దున కోడలి జడలో కనకాంబరాలు ఉన్నాయి. ఆ తర్వాతివి నేను రాయను. దినాలన్నీ అయ్యాక ఆమె అందరి ముందూ అత్తను అడిగింది. "గుడ్డాయన కథ సదివింది నువ్వే గద అత్తమ్మ. ఆళ్లు తమ కోసం ఆడిండ్రు అన్నవ్. మరి నువ్వు ఎవ్వలి కోసం ఆడినవ్? చెప్పలేదు, సరే. నేను నవ్వుతుంటె మీరందరు కూసొని సూసిండ్రు. గది ఎట్ల మరువాలె?" అప్పటిదాకా 'అత్తా' అని పిలిచిన పిల్ల ఆ రోజు నుంచి మర్యాదకు 'అత్తమ్మ' అంది. పెద్దమ్మకు ఆ తర్వాత నిద్ర పట్టేది కాదని నాకు తెలుసు.

ఆడపిల్ల పుట్టింది. "చెప్పకపోవుడే మంచిదైంది, పిల్ల బతికింది" అన్నారు వాడవాళ్లు. "చెప్పినా బతికేది" అంది కోడలు. ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది.

మళ్లీ అందరూ పందిరి కింద చేరారు. చుట్టకపోతే పూట గడవదు కదా. పెద్దమ్మ మళ్లీ చదివింది గానీ మధ్యలో ఆపడం మానేసింది. పేపరు చదివినట్టు మొదటినుంచి చివరిదాకా చదివి మూసేది. ఎవరినీ ఏమీ అడగలేదు. కోడలు గడపలో అటు తిరిగి కూర్చుని చుట్టేది. లేచేటప్పుడు అందరూ అత్త చాటలో పిడికెడు వేసేవారు, ఆమె తప్ప. ఇన్నేళ్లలో ఒక్క బీడీ వేయలేదు. అట్లాగని పూటకు అన్నం పెట్టకపోవడం లేదు, జ్వరమొస్తే చూడకపోవడం లేదు. ఆ ఇంట్లో అన్నీ సమయానికి జరిగేవి. మాటలే లేవు.

ఈ ఏడు వానలు మొదలైనప్పుడు పెద్దమ్మకు కడుపునొప్పి ఎక్కువైంది. జగిత్యాల తీసుకెళ్లాం. డాక్టరు నన్నూ కోడలినీ లోపలికి పిలిచి, ఇక చేసేదేమీ లేదని, ఇంటికి తీసుకెళ్లమని చెప్పాడు. ఆమెకు చెప్పొద్దని నేను కోడలి చెయ్యి పట్టుకుని బతిమాలాను. ఆ పిల్ల చెయ్యి విడిపించుకుంది.

జగిత్యాల బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక పెద్దమ్మ అడిగింది. "ఏమన్నడు డాక్టరు?"

"మందులు రాసిండు పెద్దమ్మ. తక్కువైతదన్నడు" అన్నాను.

కోడలు నా వైపు చూడలేదు. "కాదు అత్తమ్మ. ఇగ తక్కువ గాదన్నడు. ఇంటికి తీస్కపొమ్మన్నడు."

పెద్దమ్మ కాసేపు ఎదురుగా ఆగిన బస్సు బోర్డు చూసింది. "మంచిది బిడ్డ. నువ్వన్న చెప్పినవ్" అంది. కోరుట్ల బస్సు వచ్చింది, ఎక్కాం. వాళ్లిద్దరి మధ్య లెక్క అక్కడితో తీరిందనుకుని నేను లోపల కొంచెం తేలికపడ్డాను. కథైతే రాసినవాళ్లు అక్కడే ముగించేవాళ్లు. పెద్దమ్మ ఇంకా బతకాల్సి ఉంది.

ఆమెకు చావంటే అంత భయమని మాకెవరికీ తెలియదు. నిజం తెలుసుకోవడం మనిషి హక్కు అన్న మనిషి, తెలిశాక ఆ నిజాన్ని మొయ్యలేకపోయింది. "డాక్టరు తప్పు చెప్పిండేమో" అనేది. "ఇంకో డాక్టరుకు సూపియ్యుండ్రి" అనేది. పుస్తకం ఇస్తే పక్కకు నెట్టింది. ఒక సాయంత్రం కోడలు గంజి తాపుతుంటే పెద్దమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను. "నాకు తక్కువైతదని చెప్పు బిడ్డ. ఒక్కపారి చెప్పు. నేను నమ్మ గని, నువ్వు చెప్పు" అంది.

కోడలు చెంచా గిన్నెలో పెట్టింది. తర్వాత పెద్దమ్మ మూతి తుడిచి, "ఇంకింత తాగుతవా?" అని అడిగింది.

నేను చెప్పాను. తక్కువైతది పెద్దమ్మ, లేస్తవు, నడుస్తవు అని ఎన్నిసార్లయినా చెప్పాను. నా మాటకు ఆమె తల కూడా తిప్పలేదు. అబద్ధమైనా అది కోడలి నోటి నుంచే కావాలి ఆమెకు. ఆ పాడు అబద్ధం మా అందరి నోళ్లలో అంత తేలిగ్గా దొరికింది, కావలసిన ఒక్క నోట్లోంచి రాలేదు. చాయ్ తాగుతానన్న ఆ రోజు దాకా కూడా రాలేదు.

దినాలయ్యాక వెనక దొడ్లో గిన్నెలు తోముతూ కోడలు నాతో అంది. "ఒక్క మాట వదినె. అంటె ఏం పోతుండె? నోటిదాక అచ్చింది. గా నవ్విన నవ్వు యాదికచ్చింది, మింగిన." ఆమె తోమినవి తీసుకుని నేను కడిగాను. ఏం చెప్పి ఓదార్చాలి? నిజం చెప్పకుండా పెద్దమ్మ కోడలిని పోగొట్టుకుంది, నిజం చెప్పి కోడలు అత్తను పోగొట్టుకుంది. పెద్దమ్మ ఉంటే వేలు మధ్యలో పెట్టుకుని, మీరైతే ఏం చేస్తరని మీ అందరినీ అడిగేది.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్లు మళ్లీ చాటలు పట్టుకుని వచ్చారు. పెద్దమ్మ చాటను గోడకు ఆనించకుండా, ఆమె కూర్చునే చోటనే ఎవరో ఉంచేశారు. కథ ఎవరూ అడగలేదు. లేచేవేళకు, ఒకప్పుడు అలిగి వెళ్లిన ఆ ముసలామె అలవాటుగా వంగి ఒక పిడికెడు పెద్దమ్మ చాటలో వేసింది. వేశాక గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. తిరిగి తీసుకోలేదు. వెనక వచ్చినవాళ్లు కూడా తలా పిడికెడు వేశారు.

గడపలో అటు తిరిగి కూర్చున్న కోడలు ఇటు తిరిగింది. లేచి వచ్చి, పొద్దటి నుంచి తాను చుట్టినవన్నీ ఆ చాటలో బోర్లించింది. ఒక్కటి కూడా తనకు ఉంచుకోలేదు. మళ్లీ వెళ్లి గడపలో కూర్చుని, ఖాళీ చాట ఒళ్లో పెట్టుకుంది. సిరిసిల్ల బస్సుకు వేళయిందని నేను సంచి తీసుకున్నాను. వాకిలి దాటుతూ చూస్తే పెద్దమ్మ చాట అంచుల దాకా నిండి ఉంది. వాటిని తీసి కట్టలు కట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.