జాబులో లేని మాట

నా చిన్నప్పుడు మా పల్లెలో బడి అంటే బోదగడ్డి కప్పిన ఒక కొట్టం, అందులో ఇద్దరు అయ్యవార్లు. ఐరాలకు రెండు మైళ్ళ దూరంలో ఉండేది మా ఊరు. పెద్ద అయ్యవారికి వయసు మళ్ళింది, పెద్ద పిల్లలకు లెక్కలు చెప్పేవారు. చిన్న అయ్యవారికి ఇరవై ఏళ్ళు నిండాయో లేదో. ట్రైనింగు ముగించుకుని నేరుగా మా బడికే వచ్చారు. రోజూ పొద్దున ఐరాల నుంచి నడిచి వచ్చేసరికి పంచె అంచు ఎర్రమట్టి కొట్టుకుని ఉండేది.

ఆయన మాచేత గొంతెత్తి వల్లె వేయించేవారు కాదు. పద్నాలుగు మందికి ఒకటే వాచకం ఉండేది. దాన్ని ఒక్కొక్కరి ఒడిలో పెట్టి, పదం కింద వేలు పెట్టి చదవమనేవారు. మేం కూడబలుక్కుని ఆ పదం పలకగానే, దాన్ని తనూ అప్పుడే మొదటిసారి విన్నట్టు కనుబొమ్మలు పైకెత్తేవారు. పలక ఎన్నిసార్లు నిండినా మాకు అంత సంతోషం ఉండేది కాదు. ఆ కనుబొమ్మలు లేవడం కోసమే నేను చదువు నేర్చుకున్నానంటే అబద్ధం కాదు.

ఒకరోజు ఆయన మా నాయనతో, "ఈ బిడ్డ యే కాగితమిచ్చినా చదివేస్తుందప్పా" అన్నారు. నాయన ఆ మాటను కళ్ళం దగ్గరా, రచ్చ దగ్గరా పదిమందికి చెప్పాడు. నాకు తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచి తలెత్తి నడవడం మొదలుపెట్టాను.

అవి యుద్ధం జరుగుతున్న రోజులు. మా పల్లె నుంచి పటాలంలో చేరినవాడు ఒక్కడే. అతని భార్య మా చెనిక్కాయ చేలలో కూలికి వచ్చేది. పెళ్ళయిన ఏడాదికే మొగుడు వెళ్ళిపోయాడు. పిల్లలు లేరు, ఇంట్లో ఒక్కతే. మేమంతా ఆమెను పటాలం అక్క అనేవాళ్ళం. కలుపు తీస్తూ తీస్తూ టపా మనిషి సైకిలు గంట వినబడితే నడుము నిలబెట్టి దారివైపు చూసేది.

ఉగాది ఇంకా ఇరవై రోజులుందనగా ఆమెకు జాబు వచ్చింది. చేతిలో పట్టుకుని పరుగున బడికి వచ్చింది. చిన్న అయ్యవారు అప్పుడు పసిపిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్నారు. తలెత్తి చూసి, నవ్వి, నావైపు చెయ్యి చూపించారు. "మా పాప ఉండాది కదా, చదివి చెప్తుంది పో అక్కా" అన్నారు. ఆ మాటలో తను చెప్పిన చదువు మీద ఆయనకున్న గర్వం ఉంది, నా మీద నమ్మకం ఉంది.

అరుగు మీద కూర్చుని కాగితం విప్పాను. అది అచ్చు అక్షరం కాదు, గొలుసుకట్టు రాత. ఒక అక్షరం తోక ఇంకొక అక్షరం తలలో దూరిపోయి, వరుస వరుసంతా ఒకే తీగలా ఉంది. వాచకంలో విడివిడిగా నిలబడే అక్షరాలు తప్ప ఇంకో రకం అక్షరాలు లోకంలో ఉంటాయని నాకు తెలియదు. ఎంత చూసినా 'ఉగాది' అన్న మాట ఒక్కటే పోల్చుకోగలిగాను.

అక్క నా ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని, మట్టిచేతులు కొంగుకు తుడుచుకుని నా నోటివైపే చూస్తోంది. కొట్టంలో పిల్లలు చూస్తున్నారు. 'నాకు చదివేదానికి రాలేదు' అంటే సరిపోయేది. అంతమంది ముందర ఆ మాట అనబుద్ధి కాలేదు.

"ఉగాదికి వస్తానని రాసినాడు" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. ఒక మనిషి ముఖం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. దాన్ని ఇంకాస్త వెలిగించాలనిపించింది. కాగితం మీద వేలు నడిపిస్తూ, "నిన్ను చూడాలని ఉండాది. అన్నం ముందర కూచుంటే నువ్వే గుర్తుకొస్తావుండావు" అని చదివాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకొక్క తూరి చదువు పాపా" అంది. రెండోసారి మాటలు కొంచెం మారిపోయాయి. ఆమె గమనించలేదు.

ఆ మర్నాటి నుంచి నాకు అన్నం సహించలేదు. అక్క ఇల్లు అలికి, గోడలకు సున్నం కొట్టింది. కూలి దగ్గర ఎవరు పలకరించినా "ఉగాదికి వస్తాడంట" అనే చెప్పేది. నన్ను చూస్తే చాలు, దగ్గరికి తీసుకుని తల నిమిరేది. పండక్కి ఓళిగలు చేసుకోమని మా అమ్మ కూడా ఆమెకు బెల్లం, కందిబేడలు ఇచ్చింది. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమయింది. నిజంగానే అతను వచ్చేస్తే బాగుండునని దేవుడికి దండాలు పెట్టుకున్నాను.

పండగ ముందురోజు అక్క బొగ్గుతో నడిచే బస్సు ఆగే రోడ్డు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పండగ రోజూ వెళ్ళింది. మర్నాడు నేను బడికి పోతూ దూరం నుంచి చూశాను. తలలో కనకాంబరాలు వాడిపోయి ఉన్నాయి, ఒళ్ళో గుడ్డలో కట్టిన ఓళిగల మూట. నేను చేనుగట్టు మీదుగా చుట్టూ తిరిగి బడికి వెళ్ళాను.

చిన్న అయ్యవారు వచ్చేది ఆ రోడ్డు మీదే. ఆ రోజు ఆలస్యంగా వచ్చారు. చేతిలో అక్క జాబు ఉంది. నన్ను బయటికి పిలిచారు. కొడతారనుకున్నాను. ఆయన నా పక్కనే అరుగు మీద కూర్చుని కాగితం తెరిచి, గొలుసుకట్టు అక్షరాల మీద వేలు పెట్టి, వాచకం చదివించినట్టే ఒక్కొక్క మాటా విప్పి చదివారు. కాలికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నాడు. మానుతోంది, భయపడవద్దు. ఉగాది వరకే తనను అక్కడ ఉంచుతారు, ఆ తర్వాత ఎక్కడికి పంపుతారో తెలియదు. ఆ లోపల ఎవరిచేతనైనా ఒక జాబు రాయించి పంపమని అడిగాడు. అంతే.

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. కాగితం మడిచి, "నేను చదవాల్సింది. నీ తెలివి నలుగురికీ చూపించుకోవాలని నీ చేతికిచ్చినాను" అన్నారు. తర్వాత, "సాయంత్రం ఇద్దరం పోదాం. చెప్పాల్సింది నువ్వే" అన్నారు.

అక్క సున్నం కొట్టిన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అయ్యవారిని చూసి లేవబోతే ఆయన వద్దని నేల మీదే కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. "నాకు చదివేదానికి రాలేదక్కా. నేనే కల్పించి చెప్పినాను" అన్నాను. ఆ రెండు ముక్కలూ అనడానికి ఎంతసేపు పట్టిందో! అయ్యవారు అసలు జాబు చదివి వినిపించారు. దెబ్బ అన్న మాట దగ్గర ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అంతా విన్నాక ఆమె అయ్యవారి వైపు తిరిగింది.

"నన్ను చూడాలని ఉండాదని చదివింది సామీ. అన్నం ముందర కూచుంటే నేనే గుర్తుకొస్తానని. అదైనా ఉండాదా?"

ఆయన ఉందని చెప్పేస్తారని అనుకున్నాను. చెప్పేస్తే బాగుండునని ప్రాణమంతా కొట్టుకుంది. ఆయన కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ ఒకసారి చూశారు. "లేదక్కా" అన్నారు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "వేరేవాళ్ళ చేత రాయించినాడు. పరాయి మనిషి ముందర అట్లాంటి మాటలు చెప్పుకుంటారా మొగోళ్ళు?"

అక్క తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. ఆ మాటలు ఆమెకు ఇచ్చిందీ నేనే, లాక్కున్నదీ నేనే. ఆ క్షణంలో నా రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

అక్కడే కూర్చుని అయ్యవారు జవాబు రాశారు. ఆమె చెప్పిన మాటలను ఆమె చెప్పినట్టే రాసి, తిరిగి చదివి వినిపించారు. మర్నాడు ఐరాలలో టపాలో వేశారు. అప్పటికే ఉగాది దాటిపోయింది.

తర్వాత బడిలో ఒకనాడు, పాఠం మధ్యలో ఒక పదం దగ్గర అయ్యవారు ఆగారు. పద్నాలుగు మందిమీ ఎదురుచూస్తున్నాం. "దీని అర్థం నాకు తెలీదు. రేపు కనుక్కొని చెప్తాను" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన సిగ్గుపడలేదు, నావైపు చూడనూ లేదు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ వేసవంతా ఆయన బడి ముగిశాక నాకు గొలుసుకట్టు చదవడం నేర్పించారు. అక్క మాత్రం చాలాకాలం తన జాబులు ఆయన దగ్గరికే తీసుకుపోయింది.

యుద్ధం ముగిశాక అతను తిరిగి వచ్చాడు. ఒక కాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. మంచి మాటకారి. మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని నాయనకు దేశాల కబుర్లన్నీ చెప్పాడు. మాటల్లో ఆసుపత్రి సంగతి వచ్చింది. "ఆడ మంచం మంచానికీ జాబులు వచ్చినాయప్పా. నాకొక్కడికే రాలేదు. ఇంటిది నన్ను మర్సిపోయినట్టుండాది, ఇంక నేను బతికీ ఎవరికోసం అనుకొన్యా" అన్నాడు, నవ్వుతూనే.

నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాను. అక్క వాకిట్లో మా అమ్మతో కలిసి కాయలు వలుస్తోంది. తలెత్తకుండానే, "రాయించినాను. ఆ టపా వాళ్ళు యాడ పారేసినారో ఏమో" అంది. వలవడం ఆపలేదు. నేను చెంబు అతని పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాను.

పెద్దయ్యాక నేనూ ఎందరికో జాబులు చదివిపెట్టాను. కాగితాలు, చీటీలు, దస్తావేజులు ఎవరు తెచ్చినా, అర్థంకాని చోట ఆగి, "ఇది నాకు తెలియలేదు" అంటాను. ఎనభై దాటిన ముసలిదానికి ఇంత పట్టింపు ఎందుకని మనవరాళ్ళు నవ్వుతారు. ఆ మాట అనడం నాకు చిన్న అయ్యవారు నేర్పారు. కానీ అంతకంటే పెద్ద మాట ఒకటి ఆ రోజు గడప దగ్గర నా నోట్లోనే ఉండిపోయింది. అతను ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మా వీధిలోనే బతికాడు. కనబడినప్పుడల్లా "ఏం పాపా, బాగుండావా" అని పలకరించేవాడు. బాగున్నానని చెప్పాను గానీ, ఆ జాబు రాకపోవడానికి కారణం నేనేనని ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను.