రెక్క మీద బొబ్బలు

ముప్పై ఏళ్లు ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసిన మా బాబాయికి బొమ్మ విమానం రెక్క దగ్గర చుక్కెదురైంది. సన్నని చెక్క పుల్లల మీద గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, గుడ్డ వెనకున్న జిగురు కరిగి అంటుకుంటుంది. అంతే పని. తడి మాత్రం తగలకూడదు. కానీ పెట్టె పట్టుకోగానే ఆయన ఎడమ చెయ్యి దానంతటదే, అలవాటుగా పక్కన పెట్టుకున్న గిన్నెలోకి వెళ్లి నీళ్లు చిలకరిస్తుంది. గుడ్డంతా బొబ్బలెక్కుతుంది. రెండుసార్లు పీకి పారేశాడు. గుడ్డ అంటుకున్నాక రెక్కకి వేద్దామని తెచ్చిన ఎర్ర రంగు డబ్బా మూత ఇంకా తీయనేలేదు.

"ఛీ! ఈ చేతికి బుద్ధి లేదే!" అని పిన్ని మీద అరిచాడు.

"చేతి మీద కోపం నామీద చూపిస్తారేం? ముందు ఆ గిన్నె ఇటివ్వండి" అంటూ పిన్ని దాన్ని లోపల దాచేసి, కాస్త చల్లబడమని తాగడానికి గ్లాసుడు నీళ్లు తెచ్చి పెట్టింది.

మూడోసారి గుడ్డ అద్దంలా పరుచుకుంది. ఒక్క మూల మిగిలింది. ఎడమ చెయ్యి గిన్నె కోసం తడుముకుని, దొరక్క ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

బాబాయి గ్లాసెత్తి, నీళ్లు పుక్కిట పట్టి, రెక్క మీద ఫూమని ఊదాడు.