తొలి తూకం

శామీర్‌పేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆ తల్లి చంకలో ఏడాది పాప, ఒళ్ళో తువాలు చుట్టిన కూరగాయల కాంటా ఉన్నాయి. పాప గుండెకు బలం చాలదనీ, నెలనెలా దవాఖానలో చూపిస్తున్నాననీ చెప్పింది.

“మరి కాంటా ఎందుకమ్మా?” అన్నాను.

“పొద్దుగాల దుకాణం తెర్వంగనే తొలి తూకం నా బిడ్డదే. గదయినంకనే టమాటలు. ఒకపారి రెండు దినాల్లనే పావుకిలో పెరిగింది. బిడ్డ ఒళ్లు జేసిందని ఇంట్ల అందరు మస్తు సంబురపడ్డరు. నాకైతే పరేషానైంది. జల్దీ దవాఖానకు ఉరికిన. ‘సారూ, గిది కండ గాదు, ఒంట్ల నీరు’ అని నేనే జెప్పిన. సారు సూసి మందు పెంచిండు. నీరు దిగింది.”

“నేనే” అన్నప్పుడు ఆమె గొంతు బస్సంతా వినబడింది. అప్పటినుంచి వెళ్ళినప్పుడల్లా తన కాంటాను దవాఖాన కాంటాతో సరిచూసుకుంటుందట.

“ఇప్పటిదాంక తేడా రాలే,” అంది తువాలు సర్దుతూ.

ఆమె దిగే స్టాపు వచ్చింది. ఇప్పటికీ ఆమె పేరు నాకు తెలియదు. సాయం చేద్దామని రెండు చేతులూ చాచాను. మెట్లు దిగేదాకా పట్టుకోమని పాపను నా చేతుల్లో పెట్టింది.

కాంటాను మాత్రం ఇవ్వలేదు.